ఎర్ర ఆకులోని పచ్చ

12 ఫిబ్రవరి 2012, ఆదివారం

ఎల్లుండి నుంచి ప్రాక్టికల్ పరీక్షలు. ఈసారి కూడా మిర్యాలగూడ నుంచి వెంకటేశం సారే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్. ఆ సంగతి చెప్పడానికి ప్రిన్సిపాల్ లింగస్వామి గారు ఆదివారం పూట ఫోన్ చేశారు. మొదటి మాట పిల్లల గురించి కాదు.

"సారుకు మటన్ బిర్యానీ ఇష్టం మేడం. పోయినేడు చికెన్ పెట్టినమని మనసుల పెట్టుకున్నడు. జర చూస్కోండ్రి."

చూసుకుంటాను. యూనివర్సిటీలో రెండేళ్ళు ఆకుల గురించే చదివిన మనిషిని. మటన్ చూసుకుంటాను.

పెట్రోలియం ఈథర్ రాలేదు. ఎన్నిసార్లు అడిగినా రాదు. బీరువాలో అరసీసా ఉంది కానీ, అది ఇన్‌స్పెక్షన్ వాళ్ళకు చూపించడానికి. అందువల్ల ఆకులోని రంగులు విడదీసే ప్రయోగం మా కాలేజీలో ఎవరూ చేయరు. గోడకు ఒక ఫ్రేం ఉంది. వెంకటేశం సారు ఇక్కడ పనిచేసిన రోజుల్లో తయారుచేసి పెట్టిపోయిన కాగితం పట్టీ అది. పైన నారింజ గీత, దాని కింద పసుపు, ఇంకా కింద నీలిపచ్చ, అన్నిటికంటే అడుగున పసుపుపచ్చ. కెరోటిన్, జాంథోఫిల్, క్లోరోఫిల్ ఎ, క్లోరోఫిల్ బి. పిల్లలు దాన్ని చూసి స్కెచ్ పెన్నులతో నాలుగు గీతలు గీసి రికార్డులో అంటించుకుంటారు. నేను సంతకం పెడతాను.

అన్ని కాలేజీల్లోనూ ఇంతే. ఇంతే అని రాసుకుంటే కొంచెం తేలిగ్గా ఉంటుంది.

14 ఫిబ్రవరి, మంగళవారం

కోపం ఇంకా తగ్గలేదు.

వరసగా రాస్తాను. పరీక్ష మొదలవగానే పిల్లలు చీటీలు తీశారు. రంగుల ప్రయోగం చీటీ వచ్చినవాళ్ళు మామూలుగానే రికార్డు తెరిచి, గీసిన పట్టీ చూపించి కూర్చున్నారు. నేను బిర్యానీకి పోయాను. మూడు పార్సిళ్ళు, సారుకు విడిగా రైతా. హోటల్ వాడు ఆలస్యం చేశాడు. తిరిగి వచ్చేసరికి ల్యాబ్‌లో నవ్వులు.

వెంకటేశం సారు ఒక పట్టీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఆయన ముందు గోపిక. గరిడేపల్లి పిల్ల. వాళ్ళ ఇంట్లో గొర్రెలు. ముందు బెంచీలో కూర్చుంటుంది, ప్రశ్నలడిగి చంపుతుంది.

"వచ్చిన్రా మేడం. ఇటు రాండ్రి. మీ పిల్ల కాయితానికి కుంకుమ బొట్టు పెట్టింది."

చూశాను. నాలుగు రంగులూ ఉన్నాయి. వాటన్నిటి కింద, ఆకు రసం చుక్క వేసిన చోట, ఎర్రటి మచ్చ.

"నాలుగు రాంగ సూసిన గని, ఐదు నా సర్వీసుల సూడలే. గీ ఐదోది యాడికెళ్ళి వచ్చిందమ్మా?"

"నేనే చేసిన సార్," అంది గోపిక. "గీ ఆకుతోటే."

బల్లమీద ఎర్ర తోటకూర కట్ట. అటెండర్ ఈదయ్యకు పొద్దున బజార్లో అదే దొరికిందట.

"ఎర్ర ఆకుల పత్రహరితం ఉంటదా తల్లీ? ఉంటే పచ్చగనే ఉండకపోవునా? ఎర్ర ఆకు పెట్టి పచ్చ గీతలు ఎట్ల తీసినవ్? ఇంట్ల గీసుకోనొచ్చినవ్. రంగు ఎక్కువై కిందికి కారింది."

పిల్లలు నవ్వారు. స్కెచ్ పెన్నులతో గీసుకున్న పిల్లలే.

"అందరు రికార్డు చూపిస్తే నీకేం పుట్టింది?" అని అడిగారాయన.

"చీటీల 'ప్రయోగం చేసి చూపుము' అని ఉన్నది సార్. అంటించింది చూపియ్యమని లేదు. ఈదయ్య తాత సీసా ఇచ్చిండు."

ఇన్‌స్పెక్షన్ సీసా.

అప్పుడు నేను మాట్లాడాలి. ఆ గదిలో మాట్లాడాల్సింది నేనొక్కదాన్నే. గోపిక నా వైపు చూసింది. నేను బిర్యానీ సంచి బల్లమీద పెట్టి, "చల్లారుతది సార్, ముందు తినండి" అన్నాను.

అదే అన్నాను.

ఆయన తిన్నారు. తిన్నాక, గోపిక నంబరు ఎదురుగా పెన్సిల్‌తో 'మాల్‌ప్రాక్టీస్' అని రాశారు. శుక్రవారం ఆఖరి బ్యాచ్ అయ్యాక మార్కుల షీటు మీద ఇంకుతో రాసి ఇద్దరం సంతకం పెట్టాలి. ప్రాక్టికల్ పోతే ఆ పిల్లకు ఇంటర్ పోయినట్టే. అగ్రికల్చర్ బీఎస్సీ చదవాలని ఆశ. ఎంసెట్‌కు దరఖాస్తు కూడా పెట్టింది.

పట్టీని ఆయన పారేయబోతే తీసుకుని నా పుస్తకంలో పెట్టుకున్నాను. అంతవరకు చేశాను.

15 ఫిబ్రవరి

నేను చూడలేదు. ఆ పిల్ల చేస్తుండగా నేను చూడలేదు. రాత్రంతా ఇదే. ఎర్ర మచ్చ ఎందుకొచ్చింది? నిజంగానే ఏదైనా పూసిందా? తెలివైన పిల్ల. తెలివైన పిల్లలే ఇట్లాంటివి చేస్తారు.

ఈదయ్యను అడిగాను. "సీసా ఇచ్చింది నిజమే మేడం. ఆమె ఆకు నూరింది గుడ చూసిన. అటెన్క సారు సల్ల నీళ్ళు తెమ్మంటె పోయిన. నన్ను గీండ్లకు గుంజకుండ్రి, బీరువ తాళం తీసినందుకు నా నౌకరి పోతది."

సగం చూశాడు. నేను అసలు చూడలేదు. గదిలోనే ఉన్న సారు మాల్‌ప్రాక్టీస్ అని రాశారు.

15, సాయంత్రం

గోపిక తల్లి సక్కుబాయి వచ్చింది. కాలేజీ గేటు దగ్గరే పట్టుకుంది నన్ను. గొంతు పెద్దది, దాచుకోవడం రాదు.

"మేడం, మా పిల్ల దొంగతనం చేసిందంటున్రు గద. ఏం దొంగిలిచ్చింది?"

"దొంగతనం కాదమ్మా. నాలుగు రంగులు రావాల్సిన చోట ఐదు వచ్చినయి. అందుకని సార్‌కు అనుమానం."

"అందరికి నాలుగొచ్చె, దీనికి ఐదొచ్చె. ఒకటి ఎక్కువనే గద వచ్చింది. మార్కులు గుడ ఎక్కువెయ్యాలె గని సున్నా ఏసుడేంది?"

నవ్వొచ్చింది. నవ్వినందుకు ఆమె ఇంకా మండిపడింది.

"నవ్వుండ్రి. మీరు సదువుకున్నోళ్ళు. ఒక్కటే అడుగుత మేడం, నా బిడ్డ చేసిందా లేదా? మీకు ఎరికేనా కాదా?"

"రేపు చెప్తానమ్మా," అన్నాను.

ఆకును చూడగానే చెప్పగలిగి ఉండాల్సిన దాన్ని. రేపు చెప్తానన్నాను.

16 ఫిబ్రవరి, గురువారం

మా ఆయన జవహర్ కోదాడలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. నిన్న ఆయన బస్సెక్కే ముందు ఫోన్ చేసి, పెట్రోలియం ఈథర్‌కు బదులు పనికొచ్చే వైట్ పెట్రోల్ డ్రై క్లీనింగ్ షాపులో దొరుకుతుంది, ఒక సీసా తెమ్మన్నాను.

"పెట్రోలా? ఏం, నన్ను తగలబెడ్తవా?"

"ఇంకా ఆలోచిస్తలేను. తే."

తెచ్చాడు. ఈ రోజు బోటనీ బ్యాచ్ లేదు. సెలవు పెట్టి, పొద్దున్నే రైతు బజారుకు పోయి ఎర్ర తోటకూర, పచ్చ తోటకూర రెండూ తెచ్చాను. గ్యాస్ సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, ఎర్ర ఆకు నూరి, గోళ్ళ రంగు తుడిచే మందులో నానబెట్టాను. వడపోత కాగితం సన్నగా కత్తిరించి, అడుగున రసం చుక్క పెట్టి ఆరబెట్టి, మళ్ళీ పెట్టి ఆరబెట్టి, హార్లిక్స్ సీసాలో కొనమాత్రం వైట్ పెట్రోల్‌కు తగిలేటట్టు వేలాడదీసి, మూత పెట్టి కూర్చున్నాను.

చదువుకునే రోజుల్లో ఇది చూస్తూ అన్నం మరిచిపోయేదాన్ని. ద్రవం కాగితంలో పైకి పాకుతుంది, చుక్క విడిపోవడం మొదలవుతుంది. అందరికంటే ముందు కెరోటిన్ ఉరుకుతుంది. దాని వెనక జాంథోఫిల్. పత్రహరితాలు రెండూ బరువుగా, కాళ్ళీడ్చుకుంటూ. ఎండలోని ఎరుపునూ నీలాన్నీ పట్టుకునే ప్రధానమైనది క్లోరోఫిల్ ఎ. అది సరిగా పట్టలేని వెలుగును బి, పసుపు రంగులు పట్టి దాని చేతిలో పెడతాయి. పచ్చ వెలుగు ఎక్కువగా ఎవరికీ అక్కర్లేదు. వద్దని తిప్పికొట్టిన పచ్చే మనకు కనిపిస్తుంది. కాలేజీలో నాకు 'సల్లటి మేడం' అని పేరు. వాళ్ళకు నాలో కనిపించేదీ అట్లాంటిదే కావచ్చు.

నాలుగూ వచ్చాయి. ఎర్ర ఆకు నుంచి. పైన నారింజ, పసుపు, నీలిపచ్చ, పసుపుపచ్చ. అడుగున, చుక్క పెట్టిన చోటు నుంచి కదలని ఎర్ర మచ్చ. గోపిక పట్టీ పక్కన పెట్టి చూశాను. అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి.

పాత పుస్తకాలు దించాను. ఉంది. తోటకూర ఎరుపు వేరే జాతి రంగు. వెలుగు పట్టి వంట చేసే పని దానిది కాదు. అది నీళ్ళలో కరుగుతుంది తప్ప పెట్రోల్ లాంటి వాటిలో కరగదు, అందుకే పైకి పాకదు. ఎర్ర ఆకు అన్నం వండుకునేది కూడా లోపలున్న పచ్చతోనే. పరీక్షకు చదివాను, మార్కులు తెచ్చుకున్నాను, మరిచిపోయాను. పద్దెనిమిదేళ్ళ పిల్ల చేసి చూపిస్తే అనుమానించాను.

చేతులు కడుక్కున్నాను. వేళ్ళకంటిన ఎరుపు కుళాయి కింద పెట్టగానే గులాబీ రంగు నీళ్ళయి పోయింది. పచ్చ పోలేదు. సబ్బు పెట్టి రుద్దినా గోళ్ళ సందుల్లో అట్లాగే ఉంది.

అప్పుడు తట్టింది.

ఆకు పచ్చ నీళ్ళకు పోదు. స్కెచ్ పెన్ను పచ్చ పోతుంది.

16, సాయంత్రం

ఇంకొకటి. పొద్దున పచ్చ తోటకూరతో చేసిన రెండో పట్టీ పిట్టగోడ మీద ఎండలో మరిచిపోయాను. ఇప్పుడు చూస్తే పచ్చ వెలిసి మట్టిరంగైంది. వెలుగు పట్టే రంగును ఆకులోంచి బయటికి తీస్తే ఆ వెలుగే దాన్ని తినేస్తుంది.

మరి గోడమీద వెంకటేశం సారు ఫ్రేం? నేను ఆ కాలేజీకి వచ్చినప్పటి నుంచి అదే పచ్చ.

రోజూ దాని ముందు నిలబడి పాఠం చెప్పాను.

జవహర్‌తో చెప్పాను. టీవీ గొంతు తగ్గించి విన్నాడు. "నీకెందుకు? రేపు ఫ్రేం నకిలీదంటె, మీ పిల్లలయి అన్ని నకిలీయని తేలదా? అప్పుడు సంతకం పెట్టింది ఎవరంటరు?"

వెధవది, ఎప్పుడూ సరైన మాటే అంటాడు. అందుకే ఇంకా కోపం.

గోపిక కోసం నోరు తెరిస్తే మిగతా నలభై మంది మెడకు చుట్టుకుంటుంది. తెరవకపోతే ఒక్క పిల్లే పోతుంది. లెక్కగా చూస్తే ఊరుకోవడమే మేలు. ఆ లెక్క నాకు నేనే చెప్పుకుంటూ అన్నం తిన్నాను. తిన్నాక గోపిక పట్టీ ఉన్న పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

17 ఫిబ్రవరి, శుక్రవారం

ఆఖరి బ్యాచ్ పోయింది. ల్యాబ్‌లో వెంకటేశం సారు, లింగస్వామి గారు, నేను. గడప అవతల గోపిక, సక్కుబాయి. సారు షీటు తీసి పెన్ను మూత విప్పారు.

"సార్, ఒక్క నిమిషం," అన్నాను. "ఆ పిల్ల పట్టీ తప్పెట్లయిందో నాకు చెప్పాలె. సరైనది ఎట్లుండాలె?"

"ఎట్లుండాలెనంటే?" గోడవైపు పెన్ను చూపించారు. "గట్లుండాలె. మీ ఎదురుంగనే ఉన్నది గద మేడం, ఇన్నేండ్ల సంది."

"మీరు ఆకుతోనే చేసిన్రు గద సార్ దాన్ని?"

"ఆకుతోని గాక మరి అరటిపండుతోని చేస్తరా?"

లింగస్వామి గారు నవ్వారు. నేను స్టూలెక్కి ఫ్రేం దించాను. వెనక అట్ట మేకులు తుప్పు పట్టి రాలేదు. ఈదయ్యను కత్తి తెమ్మంటే తెచ్చి ఇచ్చి, మళ్ళీ కనిపించలేదు. సారు "ఏం చేస్తున్నరు మేడం, ఏం చేస్తున్నరు" అంటూనే ఉన్నారు. పట్టీ తీసి, తెల్ల ట్రేలో నీళ్ళు పోసి, అందులో వదిలాను.

మొదట ఏమీ కాలేదు. నిజంగా ఆకుదేనేమో. నాకు పిచ్చి పట్టిందేమో.

తర్వాత పచ్చ గీత అంచు నుంచి నీలం పోగులు పోగులుగా దిగింది. దాని వెనక పసుపు. కాసేపటికి ట్రేలో నీళ్ళు హోలీ నాటి బక్కెట్ లాగా ఉన్నాయి. పట్టీ తెల్లబడింది.

కిటికీ బయట బస్టాండు మైకు మిర్యాలగూడ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో చెబుతూ ఉంది.

"పాతది గద మేడం," అన్నారు సారు. "పాతబడితే అట్లనే పోతది."

"ఆకు పచ్చ నీళ్ళల్ల కరగదు సార్. కరిగితే వానకు చెట్లన్నీ తెల్లబడాలె."

కొత్త నీళ్ళు పోసి, పుస్తకంలోంచి గోపిక పట్టీ తీసి ముంచాను. ముంచగానే అడుగునున్న ఎరుపు పొగలాగా లేచింది.

వెంకటేశం సారు కుర్చీలోంచి లేచారు. "సూడుండ్రి సార్, గిదీ కరిగింది. గిదీ కుంకుమనే. మరి దీనికేమంటరు?"

గడప దగ్గర సక్కుబాయి "అయ్యో బిడ్డా" అంది.

"ఆగండి సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "పోయేది పోనీయండి."

ఎరుపంతా పోయింది. పట్టీని ఎత్తి నీళ్ళు ఓడ్చి తెల్ల కాగితం మీద పరిచాను. నారింజ, పసుపు, నీలిపచ్చ, పసుపుపచ్చ. నాలుగు గీతలు. కొంచెం వెలిసినా ఉన్నచోట ఉన్నట్టు, కదలకుండా.

"ఎరుపు ఆకు మీది అంగీ లాంటిది సార్. నీళ్ళల్ల పోతది. పని చేసే రంగులు ఈ నాలుగు. ఎర్ర ఆకులో కూడా ఇవే. మీ పుస్తకంలో కూడా ఉంటది, చూడండి."

"నీళ్ళల్ల ముంచమని సిలబస్‌ల ఉన్నదా మేడం?" అన్నారాయన. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. అది నాకు ఇంకా మంట పుట్టించింది.

లింగస్వామి గారు మెల్లగా అడిగారు. "మేడం, మిగతా పిల్లలయి గుడ ముంచుతరా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు.

"ముంచను. వాళ్ళు సార్ ఫ్రేం చూసి గీసిన్రు. ఆ ఫ్రేం చూపించింది నేను. ముంచాలంటే మా ఇద్దర్ని ముంచాలె."

వెంకటేశం సారు ట్రేలోని నీళ్ళ వైపు చూశారు. తర్వాత రబ్బరు తీసి పెన్సిల్ రాత చెరిపి, ఇంకుతో ఇరవై ఆరు వేశారు.

"మిగతా అందరికి ముప్పై ఉన్నయి సార్."

"రికార్డు నీట్‌గ లేదు."

నాలుగు మార్కుల కోసం కొట్లాడాల్సింది. సంతకం పెట్టాను.

బయట సక్కుబాయి అడిగింది, "ఏమైంది మేడం?"

"పాసైంది."

"గదేంది? నా బిడ్డ తప్పు చెయ్యలేదని చెప్పమంటె పాసైందంటరేంది?"

లోపలికి తీసుకుపోయి పట్టీ చూపించాను. "నీ బిడ్డే చేసింది. నేను కూడా చేసి చూసిన. ఇట్లనే వచ్చింది," అన్నాను. ఆమె కాదు, గోపిక ఏడ్చింది. ఏడుస్తూనే, "ఎరుపు ఎందుకు పైకి పోలే మేడం?" అని అడిగింది.

మూడు రోజులు దొంగ అనిపించుకున్న పిల్ల అడగాలనుకున్నది అది.

18 ఫిబ్రవరి

ఏమీ రాయాలని లేదు.

27 ఫిబ్రవరి

మెమో ఇచ్చారు. 'ప్రయోగశాలకు చెందిన నమూనా పటమును ఉద్దేశపూర్వకముగా నాశనము చేసినందుకు'. అటువంటిదే మరొకటి నా ఖర్చుతో తయారుచేసి యథాస్థానమున ఉంచవలెనట.

జవహర్ చదివి, "స్కెచ్ పెన్నులు కోదాడల అగ్గువకు దొరుకుతయి, తెస్తనా?" అన్నాడు.

పది రోజుల తర్వాత మొదటిసారి నవ్వాను. తర్వాత చాలాసేపు వెంకటేశం సారు ముఖమే గుర్తొచ్చింది. ఆయన వచ్చిన రోజుల్లోనూ బీరువాలో ఇన్‌స్పెక్షన్ సీసాయే ఉండేదేమో. ఆయన మీద జాలి పడాలా? పడను. ఇవాళ కాదు.

28 ఏప్రిల్

ఇంటర్ ఫలితాలు వచ్చాయి. గోపిక పాసు. బోటనీలో నాలుగు మార్కులు తక్కువ కనిపిస్తున్నాయి నాకు. ఇంకెవరికీ కనిపించవు.

19 జూన్

కాలేజీ తెరిచి వారం దాటింది. ఫ్రేంలో గోపిక పట్టీ పెట్టాను. మెమోకు జవాబు అదే. ఇప్పటికే పచ్చ పోయింది. పసుపు కూడా పోతోంది. అడుగున ఎర్ర మచ్చ జాడ లేదు.

లింగస్వామి గారు వచ్చి చూశారు. "గిదేంది మేడం, ఉత్త కాయితం పెట్టిన్రు? ఎవరన్న వస్తే ఏం చూపిస్తం?"

"ఆకు రంగు ఉండదు సార్. ఎప్పటికప్పుడు చేసుకోవాలె."

"ఎప్పటికప్పుడు అంటే సామాన్లు ఎవలిస్తరు?"

"బీరువాల సీసా ఉన్నది గద."

ఆయన నా ముఖం చూసి, తన గది వైపు నడిచారు. సల్లటి మేడం ముఖం కాదనుకుంటా.

కొత్త బ్యాచ్ పిల్లలు ఫ్రేం ముందు నిలబడి, "దీంట్ల ఏం కనపడ్తలేదు మేడం, మేం ఏం చూసి గియ్యాలె?" అని అడిగారు.

బీరువా తాళం నేనే తీశాను. ఈదయ్యను తోటకూరకు పంపాను. పచ్చదా, ఎర్రదా అని అడిగాడు.

ఎర్రదే తెమ్మన్నాను.